మొదటిసారి ఈథర్ పోసిన మధ్యాహ్నం

మొన్న వేసవిలో మా మనవరాలికి ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తే విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. అపెండిక్సు అన్నారు. పొద్దున్న లోపలికి తీసుకువెళ్లిన పిల్ల సాయంత్రానికి దిండుకు ఆనుకుని ఫోను చూసుకుంటూ కూర్చుంది. పొట్ట మీద మూడుచోట్ల వేలెడంతేసి పట్టీలు తప్ప ఏ గుర్తూ లేదు. మత్తు ఇచ్చిన డాక్టరమ్మ, చూడబోతే మా మనవరాలికంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, సాయంత్రం పలకరించడానికి వస్తే ఊరుకోలేక, నేనూ ఒకప్పుడు మీ పని చేసినదాన్నేనమ్మా, ఈథర్ పోసేదాన్ని అని చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, ఈథర్ గురించి పుస్తకంలో చదువుకోవడమే గాని కంటితో చూడలేదనీ, వాసన ఎలా ఉంటుందో కూడా తెలియదనీ అంది. ఎలా ఉండేదని ముచ్చటపడి అడిగింది. తియ్యగా ఉండేదనాలా, గొంతులో గీరుకున్నట్టు ఉండేదనాలా, లేక ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుందని చెప్పాలా, తేల్చుకోలేకపోయాను.

మీలో నా ఈడువాళ్లకు ఆ వాసన గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో ఆసుపత్రి గడప తొక్కగానే ఫినాయిలూ, స్పిరిటూ, ఈథరూ కలిసిన ఒక వాసన ముందుగా ఎదురొచ్చేది, ఆ తరువాతే మనుషులు కనిపించేవారు.

నాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. నువ్వులూ చోళ్లూ పండించుకునే మెట్టరైతుల కుటుంబం. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగం చెయ్యడమే వింత, అందులో నర్సు పని అంటే మా నాయనమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. విశాఖపట్నంలో శిక్షణ ముగించుకుని, అరవైల చివరి సంవత్సరాల్లో, నరసన్నపేటకు ఆవల కలకత్తా రోడ్డు పక్కనున్న ఒక చిన్న పట్నంలో సర్కారు ఆసుపత్రిలో చేరాను. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఇరవై మంచాలు, ఒక డాక్టరుగారు, ఒక పెద్ద సిస్టరు, నేను, ఒక ఆయా, ఒక కాంపౌండరు బాబాయి. డాక్టరుగారిది విజయనగరం. నలభై ఏళ్లుండేవి. మనిషి మితభాషి. పెద్ద సర్జను చదువు చదివినవారు కాదు, కాని దగ్గర్లో మరొకరు లేరు కాబట్టి హెర్నియాలూ, అడ్డం తిరిగిన కాన్పులూ ఆయనే చేసేవారు. అలాంటప్పుడు మత్తు పోసే పని కాంపౌండరు బాబాయిది. పదిహేనేళ్ల అలవాటు మీద ఆయన కళ్లు మూసుకుని పోసేవాడు. నేను పక్కన నిలబడి చూసేదాన్ని, అంతే.

నేను చేరిన ఏడు నెలలకు, ఆశ్వయుజమాసం చివర వాయుగుండం పట్టింది. మూడు రోజులు కుండపోత. కాంపౌండరు బాబాయి మందుల కోసం శ్రీకాకుళం వెళ్లి అక్కడే చిక్కుపడిపోయాడు. కరెంటు లేదు, టెలిఫోను తీగలు తెగిపోయాయి, పెద్ద రోడ్డు మీద రెండుచోట్ల నీళ్లు పారుతున్నాయని బస్సులు ఆపేశారు. నాలుగో రోజున వాన వెలిసింది గాని మబ్బు విడవలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట వేళ, మోకాళ్లదాకా బురదతో నలుగురు మగవాళ్లు ఒక నులకమంచాన్ని భుజాల మీద మోసుకుంటూ మా ఆవరణలోకి వచ్చారు. మంచం వెనకాల చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఒక ముసలామె వచ్చింది.

భావనపాడు వైపునుంచి వచ్చిన, సముద్రంలో చేపలు పట్టుకునే పల్లెకారులు వాళ్లు. బండి బురదలో దిగబడిపోతే దాన్ని అక్కడే వదిలేసి మంచం ఎత్తుకుని నడిచి వచ్చారు. మంచం మీద ఉన్న పిల్లకు ఇరవై ఏళ్లుంటాయేమో. మోసినవాళ్లలో ముందున్నవాడు ఆమె మొగుడు, వెనక వచ్చిన ముసలామె అత్త. తెల్లవారి పొయ్యి దగ్గర గంజి వారుస్తూ లేవబోయి కూలబడిపోయిందట. అప్పటినుంచి కడుపులో నొప్పి, మధ్యమధ్య కుడి భుజం పీకుతోందని అంటోందట. అలాంటి నలుపు ఒంటి పిల్ల పెదవులు అంత తెల్లగా పాలిపోవడం నేను అదివరకు చూడలేదు. చెయ్యి పట్టుకుంటే నాడి అందలేదు. చల్లటి చెమట. డాక్టరుగారు కనురెప్ప కిందికి లాగి చూశారు, పొట్ట మీద చెయ్యి వేసి చూశారు, ముట్టు ఎప్పుడు తప్పిందని అత్తను అడిగారు. రెండు నెలలు కావస్తోందని ఆమె చెప్పింది. సన్నటి సూదితో పొట్టలోంచి లాగితే నల్లటి నెత్తురు సిరంజిలోకి వచ్చింది. గర్భసంచిలో పెరగాల్సిన పిండం పక్క గొట్టంలో పెరిగి, అది చిట్లిపోయింది. నెత్తురంతా కడుపులోకే పోతోంది.

మామూలు రోజైతే శ్రీకాకుళం పంపాలి. ఆ రోజు పంపడానికి దారి లేదు, ఉన్నా ఆమె అంతదూరం బతకదు. ఎక్కించడానికి నెత్తురు లేదు. మత్తు పోసే మనిషి లేడు. దీపం లేదు. డాక్టరుగారు బయటికి వచ్చి వసారాలో ముసలామె ఎదురుగా నిలబడ్డారు. నేను వెనకే ఉన్నాను.

"కడుపు కొయ్యాల," అన్నారు. మామూలుగా మాతో పుస్తకాల తెలుగు మాట్లాడే మనిషి, రోగుల దగ్గర మాత్రం వాళ్ల మాటే మాట్లాడేవారు.

"కోత్తే బతుకుతాదా బాబూ?" అని అడిగింది ఆమె.

"కొయ్యకపోతే పొద్దుగూకేసరికి పోతాది. కోత్తే ఏటవుతాదో నాను సెప్పనేను."

ఆమె ఏడవలేదు. కొడుకు వైపు చూసింది. వాడు వేలిముద్ర వెయ్యడానికి బొటనవేలు చాచాడు గాని కాగితం మీద సిరా పులుముకుపోయింది. పెద్ద సిస్టరు వాడి మణికట్టు పట్టుకుని మరోసారి వేయించింది.

అప్పుడు డాక్టరుగారు నా వైపు తిరిగి, మత్తు నువ్వే పొయ్యాలి అన్నారు.

నాకు రాదని చెప్పాననుకుంటాను. చూశాను గాని ఎప్పుడూ పొయ్యలేదన్నాను. ఆయన కోప్పడలేదు. సిస్టరు నాకు చెయ్యి అందించాలి, ఆయా టార్చి పట్టుకోవాలి, ఇంక మిగిలింది నువ్వే అని మాత్రం అన్నారు. ఆ తరువాత చేతులు కడుక్కుంటూ, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "చుక్క చుక్కగా పొయ్యి. ఊపిరి చప్పుడు వింటూ ఉండు. కంటిపాప చూస్తూ ఉండు. దవడ ఎత్తే ఉంచు. నేను తల ఎత్తి నిన్ను చూడలేను, ఏదైనా అయితే నువ్వే చెప్పాలి."

ముసలామె ఈ మాటలు విన్నది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఈ గుంటా మత్తిచ్చీది?" అంది. కాని ఆమె దగ్గరికి వచ్చి, చేపలు తరిగి తరిగి గరుకుబారిన చేత్తో నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "నా కోడలికి సముద్రమంటే బయం నేదు గానమ్మా, ముకమ్మీద గుడ్డేత్తే బయం. సిన్నప్పట్నుంచీ అంతే. సెప్పకండా ఎయ్యకు. సెప్పి ఎయ్యి."

అలాగేనన్నాను.

ఆపరేషను గది అని పిలిచేవాళ్లం గాని అది పడమటివైపు ఒక పెద్ద కిటికీ ఉన్న మామూలు గది. బల్లను కిటికీ దగ్గరకు జరిపాం. ఈథర్‌కు నిప్పు తగిలితే గది మొత్తం అంటుకుంటుంది కాబట్టి పెట్రోమాక్సు వెలిగించడానికి లేదు. పనిముట్లు మరిగించిన కిరసనాయిలు స్టవ్వులను కూడా ఆర్పించి బయటికి పంపించారు డాక్టరుగారు. ఉన్నదల్లా కిటికీలోంచి వచ్చే మబ్బు వెలుతురు, రెండు టార్చిలైట్లు. అప్పటికే మూడు దాటింది. అయిదు కాకుండానే చీకటి పడుతుంది. ఆ పిల్లకు చేతిలో నరం దొరక్కపోతే చీలమండ దగ్గర కోసి పట్టుకుని సెలైను పెట్టారు.

పెద్ద సిస్టరు తన వంటింట్లోంచి తెచ్చిన ఒక స్టీలు గరిటెనూ, గరాటునూ పనిముట్లతోపాటే మరిగించి పెట్టడం చూశాను గాని, ఎందుకో నాకు బోధపడలేదు. అడిగే ధైర్యం లేదు.

మత్తు పోసే తీరు చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. టీ వడకట్టే జల్లెడలాంటి తీగ చట్రం ఒకటి ఉంటుంది. దాని మీద గాజుగుడ్డ పొరలు కప్పి రోగి ముక్కూనోరూ మీద పెట్టి, సీసాలోంచి ఆ గుడ్డ మీద ఈథర్ చుక్కలు వదలాలి. చుక్కలు తక్కువైతే కత్తి కింద మనిషి మేలుకుంటుంది, ఎక్కువైతే మళ్లీ లేవదు. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో చెప్పే యంత్రం ఏదీ లేదు. పోసేవాళ్ల చెవీ, కన్నూ, అంతే.

ఆ పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి. నేను వంగి, ఇప్పుడు నీ ముఖం మీద గుడ్డ వేస్తున్నాను, భయపడకు, నేను ఇక్కడే ఉండి మాట్లాడుతూ ఉంటాను అని చెప్పాను. రెప్ప ఆర్పింది. చట్రం పెట్టాను. మాట్లాడతానని అన్నాను గాని ఏం మాట్లాడాలో తోచలేదు. నోటికేదొస్తే అది చెప్పడం మొదలుపెట్టాను. మా ఊరి గురించి, మా నువ్వుల చేను గురించి, మా ఇంట్లో పుట్టిన ఎర్రదూడ గురించి, అది గంతులేస్తూ పోయి గట్టు లేని నేలబావిలో పడిపోతే మా నాన్నా, పెదనాన్నా తాళ్లు వేసి లాగిన సంగతి గురించి. సగం చెప్పాక గాని ఆ కథ ఎలా ముగిసిందో నాకు గుర్తు రాలేదు. గుర్తు రాగానే నోరు మూతపడిపోయింది. ఆ దూడ బతకలేదు. అప్పటికి ఆమె ఊపిరి లోతుగా, గురకలాగా వినిపిస్తోంది. నిద్రలోకి జారిపోయింది. డాక్టరుగారు కత్తి అందుకున్నారు.

పొట్ట తెరవగానే నెత్తురు గట్టు తెగినట్టు వచ్చింది. అప్పుడు తెలిసింది ఆ గరిటె ఎందుకో. డాక్టరుగారు ఒక చేత్తో లోపల చిట్లినచోటు పట్టుకుని బిగించి, మరో చేత్తో గరిటెతో నెత్తురు తోడి గిన్నెలో పోస్తుంటే, పెద్ద సిస్టరు దాన్ని ఎనిమిది మడతల గాజుగుడ్డలోంచి వడకట్టి, గడ్డకట్టకుండా మందు కలిపిన గాజుసీసాలోకి దించింది. ఆ పిల్ల కడుపులో కారిపోయిన నెత్తురునే తిరిగి ఆమె ఒంట్లోకి ఎక్కించాలి. సీసా నిండగానే దాన్ని నాకందించారు. ఎడమచేత్తో దవడ ఎత్తి పట్టుకునే ఉండి, కుడిచేత్తో ఈథర్ సీసా కింద పెట్టి, ఆ నెత్తురు సీసాను స్టాండుకు తగిలించాను. వెచ్చగా ఉంది.

అంతలో గదిలో ఒక్కసారి చీకటి కమ్మింది. చూస్తే కిటికీ బయట జనం. మంచం మోసినవాళ్లూ, ఊళ్లోవాళ్లూ గుమిగూడి అద్దాలకు ముఖాలు ఆనించి నిలబడ్డారు. డాక్టరుగారి చేతులు ఆగిపోయాయి. ఆయా అరవబోయేలోపలే బయటినుంచి ముసలామె గొంతు వినిపించింది. "కూకోండి. అందరూ కూకోండి. ఎలుతురుకి అడ్డెట్టేత్తన్నారు, సూడనేదా?" ఒక్కొక్కరే ఆ బురదలో చతికిలబడ్డారు. మళ్లీ వెలుతురు వచ్చింది. ఆ తరువాత ఆ కిటికీ దగ్గర ఒక్క తల లేవలేదు.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. ఇన్నేళ్లూ నాలోనే ఉంచుకున్నాను.

లోపల గొట్టాన్ని ముడివేస్తుండగా ఆమె పొట్ట బిగుసుకుంది. పేగులు పైకి తన్నుకొస్తున్నాయి, మత్తు సరిపోవడం లేదన్నారు డాక్టరుగారు. మేలుకుంటుందేమోనన్న భయం నన్ను ఎంతగా పట్టుకుందంటే, చుక్కలుగా పొయ్యాల్సినదాన్ని ధారగా పోసేశాను. పొట్ట మెత్తబడింది. ఆయన సరే అన్నారు. కాసేపటికి, ఎంతసేపటికో తెలియదు, గదిలో ఏదో చప్పుడు తగ్గినట్టనిపించింది. ఆ తగ్గిన చప్పుడు ఆమె ఊపిరిదని తెలియడానికి నాకు మరికొంతసేపు పట్టింది. చట్రం ఎత్తి చూశాను. పెదవులు నీలిగా ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు. సార్ అని పిలవబోతే గొంతు పెగల్లేదు. నిజంగానే రాలేదు. సీసా అడుగుతో బల్ల అంచు మీద రెండుసార్లు కొట్టాను.

ఆయన తల ఎత్తలేదు. చేతులు అక్కడినుంచి తీస్తే నెత్తురు మళ్లీ తన్నుకొస్తుంది.

"ఊపిరి లేదా?" అన్నారు. "చట్రం తీసెయ్. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరుపెట్టి ఊదు."

ఊదాను. నా ఊపిరితో ఆమె రొమ్ము లేచింది, దిగింది. దిగినప్పుడల్లా ఆమె లోపలినుంచి ఈథర్ నా నోట్లోకీ ముక్కులోకీ కొట్టింది. నేనూ ఆమె పక్కనే పడిపోతానేమో అనుకున్నాను. మూడు, నాలుగు, అయిదు. ఎన్నిసార్లు ఊదానో తరువాత ఎవరినీ అడగలేదు. పెద్ద సిస్టరు చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయా ఏదో గొణుగుతోంది, దేవుణ్ణి పిలుస్తోందేమో. నా మనసులో మాత్రం బావిలోకి వేలాడుతున్న తాళ్లు తప్ప ఇంకేమీ లేవు. అంతలో ఆమె గొంతులో వెక్కిలిలాంటిది ఒకటి కదిలింది. కాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒకటి. ఆ తరువాత తనంతట తనే, అరిగిపోయిన కొలిమితిత్తిలా, ఊపిరి తీయడం మొదలుపెట్టింది.

"తీస్తోందా?" అన్నారు డాక్టరుగారు.

తీస్తోందన్నాను. ఈసారి గొంతు వచ్చింది.

చివరి కుట్లు రెండు టార్చిల వెలుతురులో వేశారు. అప్పటికి కిటికీ నల్లబడిపోయింది. ఆమెను వార్డులోకి తెచ్చాక వాంతి చేసుకుని, కళ్లు తెరవకుండానే అత్తా అని పిలిచింది. మొగుడు గుమ్మం దగ్గరే గోడకు నుదురు ఆనించి నిలబడిపోయాడు. ముసలామె మాత్రం కోడలి పక్కన కూర్చుని, తన చీరకొంగుతో ఆమె పాదాలకున్న బురద తుడుస్తూ ఉండిపోయింది. నేను వెనక వసారాలోకి పోయి, మెట్ల మీద కూర్చుని, రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాను.

మూడో రోజున గంజి పట్టిస్తుంటే ఆ పిల్ల నన్ను గుర్తుపట్టింది. "నువ్వేనా అక్కా, దూడ కత సెప్పినావు? బాయిలో పడిపోనాది అన్నావు. తరవాతేటయినాది? బతికినాదా?"

బతికిందని చెప్పాను. ఇప్పుడు పాలిస్తోందని కూడా చెప్పాను.

పన్నెండో రోజున ఆమె తన కాళ్ల మీద నడిచి బండెక్కింది. రెండేళ్లకు మళ్లీ నెల తప్పిందని తెలిసి, నేను మాత్రం తొమ్మిది నెలలూ ఎవరు మంచం మోసుకొచ్చినా గుండె పట్టుకుని పరుగెత్తేదాన్ని. ఆడపిల్ల పుట్టింది, సుఖంగా, వాళ్ల పల్లెలోనే. ఆ కబురు చెప్పడానికి ముసలామె అంతదూరం నడిచి వచ్చింది. నాకు చెప్పి, చెంబుడు నీళ్లు తాగి, తిరిగి వెళ్లిపోయింది.

డాక్టరుగారు ఆ రోజు సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు. కాంపౌండరు బాబాయి తిరిగి వచ్చాక కూడా, ఇకమీదట మత్తు ఆ అమ్మాయే పోస్తుందని ఒక్కమాట చెప్పి ఊరుకున్నారు. తరువాత ఆయనకు బదిలీ అయింది, నాకు పెళ్లయింది, ఎక్కడెక్కడో పనిచేశాను. ఆయన ముఖంలో ఆవేళ కనురెప్ప కూడా అదరలేదని, అంత నిబ్బరం గల మనిషిని మళ్లీ చూడలేదని ఎంతోమందికి చెప్పేదాన్ని. ఆయన విజయనగరంలో పోయారని తెలిసి, ఆలస్యంగానే అయినా, ఆయన భార్యను చూడడానికి వెళ్లాను. మాటల మధ్య ఆవిడే ఆ వాయుగుండం రోజుల సంగతి తెచ్చారు.

"ఆ రోజు ఇంటికొచ్చి పెరట్లో నీళ్ల గోలెం పక్కనే కూర్చుండిపోయారమ్మా," అన్నారు ఆవిడ. "చేతులు వణికిపోతుంటే మంచినీళ్లు నేనే పట్టించాను. ఆ ఆపరేషను ఆయన ఎప్పుడూ చెయ్యలేదట, చదువుకునే రోజుల్లో ఎవరో చేస్తుంటే వెనకనుంచి ఒక్కసారి చూశారట. మత్తు పోసిన పిల్ల ఏమాత్రం బెదరలేదు, ఊపిరి ఆగినా అరవకుండా బల్ల మీద కొట్టి చెప్పింది, ఆ ధైర్యం చూసే నా చెయ్యి ఆడింది అన్నారు. పదేపదే చెప్పేవారు. నువ్వేనా ఆ పిల్లవి?"

నేనేనన్నాను. గొంతు రాకపోవడం వల్ల కొట్టానని ఆవిడతో చెప్పలేకపోయాను.

ఆ మధ్య అటువైపు ఒక పెళ్లికి వెళ్లి ఆ ఆసుపత్రి చూసివచ్చాను. మూడంతస్తులు లేచింది. అలాంటి కేసు వస్తే ఫోను చేసిన కాసేపటికే వాహనం వస్తుందనీ, గంటలోపే శ్రీకాకుళంలో నెత్తురుతో, యంత్రాలతో, నలుగురు డాక్టర్లతో సిద్ధంగా ఉంటారనీ అక్కడి కుర్ర డాక్టరు చెప్పాడు. వినడానికి ఎంత హాయిగా ఉందో. ఆ మధ్యాహ్నం మళ్లీ ఏ ఆడపిల్లకూ, ఏ నర్సుకూ రాకూడదు. పాత రోజులే మంచివని నేను ఎప్పటికీ అనను.

పెద్ద సిస్టరు లేదు, ఆయా లేదు, డాక్టరుగారు లేరు. ఇప్పటి పిల్లలు భయమేస్తే భయమేస్తోందని పక్కవాళ్లతో చెప్పుకుంటారు, చూసి ముచ్చటపడతాను. మాకు ఆ అలవాటు లేదు. మూడేళ్లకు పైగా ఒకే వార్డులో తిరిగాం, ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడ్డాం, ఆయన నన్ను చూసి, నేను ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నాం. నాకూ భయమేసింది సార్ అని ఒక్కసారి, ఒక్కమాట, ఆయన ఉండగా చెప్పి ఉండవలసింది.